యూనిస్ టార్‌బాక్స్ ఒప్పుకోలేదు

యూనిస్ టార్‌బాక్స్‌ను పదకొండేళ్ళపాటు ప్రతి ఆగస్టులోనూ నాలుగు శనివారాలు ఉరి తీశారు. నాటకం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యేది. నాలుగూ నలభైకి ఆమె చచ్చిపోయేది. అయిదున్నరకల్లా బట్టలు మార్చుకుని ఇంటికెళ్ళి మొగుడికి చేపలు వేయించేది.

ఊరి పేరు డెన్‌ఫోర్డ్, అమెరికాలో సేలంకి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంది. పూర్వం సేలంలో మంత్రగత్తెలంటూ జనాన్ని ఉరితీసిన రోజుల్లో ఆ పిచ్చి ఈ ఊరికీ పాకింది. రిమెంబర్ బ్యాంగ్స్ అనే ముసలామె చూపు తగిలి పిల్లలు మూర్ఛపోతున్నారన్నారు. సైతానుతో పొత్తు ఉందని ఒప్పుకుంటే ప్రాణాలతో వదిలేస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు, ఉరి తీశారు. చాలా కాలం తర్వాత హైస్కూలు మాస్టారొకాయన దాన్నంతా నాటకంగా రాసి కన్నుమూశాడు. అప్పట్నుంచి చర్చి హాల్లో ఏటా ఆడుతున్నారు. వేసవి విడిదికి వచ్చినవాళ్ళు కూడా చూడ్డానికి వచ్చేవారు.

యూనిస్ పద్నాలుగో ఏట బూట్ల ఫ్యాక్టరీలో చేరింది. తోలు కుట్టే మిషన్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఆఖరి బెంచీదాకా వినబడేది. ముసలామె వేషం వేసే మనిషి ఊరు వదిలి వెళ్ళిపోయినప్పుడు కమిటీవాళ్ళు యూనిస్ దగ్గరికి వచ్చారు.

"నేను ఏడవాలా?" అని మాత్రం అడిగింది ఆమె.

"అక్కర్లేదు."

"అయితే సరే."

పదకొండో ఏడు ఎండలు మండిపోయాయి. మూడో శనివారం, ఎప్పటిలాగే యూనిస్ నాటకం వాళ్ళందరికీ పెద్ద కుండెడు చౌడర్, పాలు పోసిన ఆల్చిప్పల చారు, కాచి తెచ్చింది. అందరూ తిన్నారు, వేషాలు వేసుకున్నారు. రెండో అంకంలో ఎనిమిది మంది ఆడపిల్లలు రిమెంబర్ బ్యాంగ్స్ వైపు వేలు చూపించి కేకలు పెట్టాలి. పెట్టారు. అప్పుడు మొదటి పిల్ల నిజంగానే దబ్బున పడిపోయింది. వెంటనే రెండోది, మూడోది. నిమిషంలో ఆరుగురు నేలమీద ఉన్నారు. ఈసారి పిల్లలు బాగా తయారయ్యారని జనం చప్పట్లు కొట్టారు. ఏడో పిల్ల మెట్లమీదికి దొర్లాక గానీ తెర దించలేదు.

సాయంత్రానికి పిల్లలందరూ తేరుకుని వాళ్ళ వాళ్ళ వరండాల్లో కూర్చుని నిమ్మరసం తాగుతున్నారు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యేసరికి చౌడర్ తినే పడ్డారన్న మాట ఊరంతా పాకిపోయింది. సోమవారం ఫ్యాక్టరీలో, ఇరవయ్యేళ్ళుగా యూనిస్ పక్కన కూర్చుని తినే డాట్ పెటెంగిల్ తన డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి తింది.

"ఏంటి డాట్, అక్కడ గాలి బాగా వస్తోందా?" అంది యూనిస్.

"ఆ... కొంచెం," అంది డాట్. ఆ కిటికీ పదేళ్ళుగా తెరుచుకోదు.

బుధవారం పొద్దున కమిటీ పిలిచింది. కమిటీ పెద్ద ఓరిన్ లఫ్‌కిన్ కార్లు అమ్ముతాడు, నాటకంలో జడ్జి వేషం ఆయనదే. హాల్లో ఇంకో బల్ల లేదు కాబట్టి నాటకంలో జడ్జి కూర్చునే బల్ల వెనకే కూర్చున్నాడు.

"నిన్నెవరూ తప్పు పట్టట్లేదు యూనిస్," అన్నాడు. "ఆల్చిప్పలు ఒకటో రెండో పాడైనవి పడుంటాయి. పొరపాటు. ఆ ఒక్క ముక్క అనెయ్, తల్లిదండ్రులు చల్లబడతారు, శనివారం ఆట జరుగుతుంది. అయిపోయె."

"పాడైనవి పడలేదు ఓరిన్. పొద్దున నేనే ఒడ్డున ఇసకలో తవ్వి తెచ్చా."

"పడ్డాయని కాదు, పడుండొచ్చని అను."

"మా ఆయన రెండు గిన్నెలు తిన్నాడు. నువ్వు మూడు తిన్నావు."

"నా ఒళ్ళు వేరు. ఇదిగో, ఎంత సులువో చూడు. ఒప్పుకుంటే ఇక నీ జోలికి ఎవరొస్తారు?"

యూనిస్ లేచి నిలబడింది. "ఈ మాట నువ్వు నాతో పదకొండేళ్ళుగా అంటున్నావు. శనివారాలు కాదని చెప్తూనే ఉన్నాను. బుధవారం మాత్రం ఎందుకు అవునంటాను?"

ఇంటికి వచ్చి చిక్కుళ్ళు వొలుస్తూ జరిగింది చెప్పింది. ఆమె మొగుడు ఏసా లాబ్‌స్టర్లు పట్టే బుట్టకి తాడు ముడేస్తూ అంతా విన్నాడు.

"ఉప్పు ఎక్కువైందని మాత్రం ఎవరూ అనలేదు కదా?" అన్నాడు.

"లేదు."

"అయితే పర్లేదు." నెలకొకసారి అంత పొడుగు మాట మాట్లాడతాడు.

గురువారం మధ్యాహ్నం గ్వెన్ హాస్కెల్ అనే పిల్ల వంటింటి తలుపు తట్టింది. ఆ రోజు ఆరో పిల్లగా పడింది ఈమే. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"మిసెస్ టార్‌బాక్స్, నేను అసలు మీ చౌడర్ తినలేదండి. నాకు ఆల్చిప్పలు పడవు."

"మరెందుకు పడిపోయావు?"

గ్వెన్ చెప్పుల వంక చూసుకుంది. "అందరూ పడిపోతున్నారు. నేనొక్కదాన్నే నిలబడితే బాగోదనిపించింది. పడ్డాక నిజంగానే కళ్ళు తిరిగాయండి, ఒట్టు."

"ముందు పడ్డ పిల్లకో?"

"దానికి గౌను బిగుతు. మిసెస్ లఫ్‌కిన్ ఈసారి మాకందరికీ కొత్తగా ఉన్ని గౌన్లు కుట్టారు కదా, నడుం దగ్గర తాడు లాగి కట్టేస్తున్నారు. ఊపిరాడదు."

యూనిస్ ఆ పిల్లకి కుర్చీ చూపించింది. "ఇది కమిటీకి చెప్తావా?"

"చెప్తే వాళ్ళంతా నాతో మాట్లాడరు."

"మాట్లాడరు," అంది యూనిస్. ఇంకేమీ అడగలేదు. ఓ పళ్ళెం చిక్కుళ్ళు ఆమె ముందుకు జరిపింది. ఇద్దరూ వొలిచారు.

గ్వెన్ కమిటీకి చెప్పలేదు. వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ జుట్టు కత్తిరించే ఆమెకి చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అప్పటికప్పుడు చౌడర్‌ని వదిలేసి అందరూ ఓరిన్ భార్య మిసెస్ లఫ్‌కిన్ మీద పడ్డారు. ఆగస్టులో ఉన్ని ఏమిటి, ఆవిడకి మొదట్నుంచీ పిల్లలంటే పడదు అన్నారు. ఆవిడ కొట్టుకి వెళితే జనం పక్కకి తప్పుకున్నారు. ఆవిణ్ణి కమిటీ నుంచి తీసెయ్యాలని ఒక కాగితం రాసి సంతకాలు పెట్టించడం మొదలుపెట్టారు. దాన్ని మొదట యూనిస్ దగ్గరికి తెచ్చింది డాట్ పెటెంగిలే.

"నీ సంతకం పైన ఉండాలి యూనిస్. నిన్నెంత ఏడిపించారు!"

యూనిస్ కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చింది. "కుట్టు బాగానే ఉంది. ఎండ ఎక్కువైంది."

"అంతేనా?"

"అంతే. నీ డబ్బా తెచ్చుకో, తిందాం."

డాట్ తెచ్చుకుంది. కాగితం ఎటు పోయిందో తెలియదు. శనివారం పిల్లలు నూలు గౌన్లు వేసుకున్నారు, ఎవరూ పడలేదు. ఎవరైనా పడతారేమోనని హాలు కిటకిటలాడింది. యూనిస్‌ని మామూలుగానే ఉరి తీశారు. కమిటీ క్షమాపణ చెప్పలేదు. విషయం ముగిసినట్టు భావిస్తున్నామని ఒక ఉత్తరం పంపింది.

మరుసటి వసంతంలో వేషాలు పంచేటప్పుడు యూనిస్ తనకి జడ్జి వేషం కావాలంది.

"ఆడ జడ్జీయా? ఆ కాలంలో లేరు యూనిస్," అన్నాడు ఓరిన్.

"ఆ కాలంలో కార్లమ్మేవాళ్ళూ లేరు."

ఓరిన్ ఏదో అనబోయాడు. వెనక కుర్చీలో కూర్చున్న ఆయన భార్య, "ఇచ్చెయ్యండి," అంది. ఆవిడ ఆ మీటింగులో మాట్లాడింది అదొక్కటే.

యూనిస్ ఆరేళ్ళు జడ్జిగా ఉంది. ఓరిన్‌లా ఉరమలేదు, బల్ల గుద్దలేదు. "ఒప్పుకో, ఎంత సులువో చూడు," అన్న మాటని పక్కింటావిడకి టీ ఇస్తున్నట్టు మెల్లగా, దయగా అనేది. ఆ చోట ముందు వరసలో పిల్లలు బెదిరి తల్లుల ఒళ్ళోకి జరిగేవారు.