ఎనిమిదో చొక్కా కూలి

"మా డబ్బు తిన్నావా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

ఈ మాట అడిగింది కాజాల పిన్ని. చొక్కాలకు గుండీల రంధ్రాలు కుట్టడం ఆవిడ పని, అందుకని ఆ పేరు. అడిగింది ఎవరినో కాదు, సొంత అక్క కూతుర్ని. అదీ పట్టపగలు, మిషన్లన్నీ ఆపి అందరూ చెవులప్పగించి ఉండగా.

ఆ అక్క కూతురే ఆ కుట్టుశాలకి కటింగ్ మాస్టర్, ఆర్డర్లూ బిల్లులూ చూసేదీ ఆమే. ఎదురుపడితే మాస్టరమ్మ అంటారు, వెనక్కి తిరిగితే కత్తెర అంటారు. రెండో పేరు చేతిలోని పనిముట్టు వల్ల మాత్రమే రాలేదు. నలభై పొరల గుడ్డని ఒకే గీత మీద కోసే మనిషి, మాటనీ అలాగే కోస్తుంది. అలాంటిది ఆ రోజు తినలేదని చెప్పుకోవాల్సిన గతి పట్టడమే తిన్నంత అవమానంగా తోచింది ఆమెకి.

టైర్ల కొట్టు మీద రెండో అంతస్తు. తొమ్మిది మిషన్లు, ఒక పొడవాటి బల్ల, ఇస్త్రీ ఆవిరికి రంగు ఊడిన గోడ. బడి పిల్లల యూనిఫారాలు తప్ప అక్కడ ఇంకేమీ కుట్టరు. బడులు తెరిచే ముందు ఐదు నెలలు తల గోక్కునే తీరిక ఉండదు. ఆ తర్వాత నాలుగు నెలలు చిల్లర పని. ఆ పైన మూడు నెలలు ఈగలు తోలుకోవడం.

అందుకే ఆ పదకొండు మందీ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సీజన్లో ప్రతి ఎనిమిదో చొక్కా కూలి ఎవరూ చేతికి తీసుకోరు. అది మాస్టరమ్మ దగ్గర జమ. ఈగల నెలల్లో వారం వారం పంచుకుంటారు. అద్దె కట్టేది దాంతోనే, పొయ్యి వెలిగేది దాంతోనే. కాగితం లేదు, సంతకం లేదు. "మనలో మనకి కాగితాలేంటే?" అన్నది పిన్నే. వినడానికి ఎంత కమ్మగా ఉంటుందో ఆ మాట! అలా అన్నవాళ్ళే అందరికన్నా ముందు గొంతు పట్టుకుంటారు.

మొదట్లో ఆ డబ్బు బీరువాలో పడి ఉండేది. తర్వాత బ్యాంకు పొదుపు ఖాతాలో పడింది. అక్కడ చేసిందీ నిద్రే. మూడేళ్ళ కిందట ఒక పెద్ద బడి వాళ్ళు మాస్టరమ్మ బిల్లు రెండు నెలలు తొక్కిపట్టారు. ఆరోసారి మెట్లెక్కి వెళ్తే, లెక్కల గదిలో కూర్చునే ఆవిడ జాలిపడి నోరు జారింది.

"డబ్బు లేక కాదు మాస్టరమ్మా. ఫీజులన్నీ మనీ మార్కెట్ ఫండ్‌లో పెట్టారు. జీతాల రోజు దాకా అక్కడుంటే నాలుగు డబ్బులొస్తాయి కదా."

"అంటే నా బిల్లు మీద మీ బడి లాభం తింటోందన్నమాట."

"అలా అంటే ఎలాగండీ?"

"మరెలా అనమంటారు? రాగం తీసి అనమంటారా?"

ఆ కోపం చల్లారకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. తన డబ్బుతో వాళ్ళు చేస్తున్న పనేదో తన డబ్బుతో తనే చేసుకోవచ్చు కదా! లెక్కలావిడ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. ప్రభుత్వానికీ, బ్యాంకులకీ, పెద్ద కంపెనీలకీ ఏడాది లోపల తీర్చేసే అప్పులు కావాలి. వేలమంది డబ్బు పోగేసి ఆ అప్పులిచ్చేదే ఈ ఫండ్. పొదుపు ఖాతా కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. కావాలంటే ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తుంది. మేడలు కడదామనుకునేవాళ్ళకి అది పనికిరాదు. నాలుగు నెలల తర్వాత ఫలానా వారం నుంచి డబ్బు కావాలి అనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

"తగ్గదుగా?"

"తగ్గదని రాసివ్వరు. బయట వడ్డీలు ఒక్కసారిగా పెరిగితే, ఫండ్ చేతిలో ఉన్న పాత అప్పు కాగితాల వెల కాస్త పడుతుంది. మామూలుగా రెండు మూడు వారాల్లో పూడుతుంది."

ఈ చివరి సంగతి మాస్టరమ్మ విన్నది, అర్థం చేసుకున్నది, కుట్టుశాలలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే పిన్ని నూటొక్క ప్రశ్నలు వేస్తుందని భయం. పైగా తనకి తెలిసింది చాలులే అన్న పొగరు. మోసం కాదు గానీ తప్పే, చిన్న తప్పు కూడా కాదు.

పొదుపు ఖాతాలోని డబ్బు ఫండ్‌కి మార్చి, అప్పట్నుంచి ప్రతి సోమవారం గోడ మీద ఒక కాగితం అంటించేది. దాని మీద ఒకే ఒక్క అంకె, ఎనిమిదో చొక్కాల మొత్తం. మూడేళ్ళపాటు అది పెరుగుతూనే వచ్చింది, పంచుకునే వారాల్లో తప్ప. మిషన్ మీద బతికేవాళ్ళకి అంకె అంటే కుట్టిన చొక్కాల లెక్క. ఇవాళ నలభై కుడితే రేపు పొద్దున్నకి ముప్ఫై తొమ్మిది కావు. అలాంటి వాళ్ళ కళ్ళ ముందు, చిల్లర పని నెలల్లో, కొత్తగా జమ అయ్యేదేమీ లేని రోజుల్లో, ఒక సోమవారం అంకె తగ్గింది.

పిన్ని కళ్ళజోడు సవరించుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. "పోయిన వారం నాలుగు లక్షల అరవై వేల నూట ఎనభై. ఈ వారం నాలుగు లక్షల యాభై తొమ్మిది వేల ఎనిమిది వందల అరవై ఎనిమిది. మూడు వందల పన్నెండు ఏమైందే?" అక్కణ్ణుంచి మొదలై తిన్నావా లేదా అనేదాకా వచ్చింది వ్యవహారం.

"ఎవరూ తినలేదు పిన్నీ. బయట వడ్డీలు పెరిగాయి, అందుకని తగ్గింది," అంది మాస్టరమ్మ.

"వడ్డీ పెరిగితే డబ్బు తగ్గడమేంటే? నీ కత్తెరకే అనుకున్నా, నీ లెక్కకీ రెండు మొనలున్నాయే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇస్త్రీ చేసే పెద్దాయన పెట్టె పక్కన పెట్టి, "తలకి ఇరవై ఎనిమిది పడుతుంది. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు.

"ఇవాళ ఇరవై ఎనిమిది అన్నయ్యా. రేపెంతో?"

ఆ సాయంత్రమే గుండీల షావుకారు ఊడిపడ్డాడు. సందు చివర గుండీలు, జిప్పులు, దారాలు అమ్ముతాడు. పిన్నికి స్వయానా మరిది, మాస్టరమ్మకి బాబాయి వరస.

"నూటికి నెలకి ఒకటిన్నర ఇస్తాను. నా చేత్తో నేనే పుస్తకంలో రాస్తాను. పెరగడమే గానీ తగ్గడమనేది ఉండదు. మనవాళ్ళ డబ్బు మనవాళ్ళ దగ్గరే ఉంటుంది."

"బ్యాంకు మీకు అప్పు పెట్టడం మానేసి ఎన్నాళ్ళయింది బాబాయ్?"

"చూశావా వదినా, నోరు!" అంటూ నవ్వేశాడు. అందరూ నవ్వారు. అడిగిందానికి జవాబు రాలేదని ఆ నవ్వుల్లో ఎవరికీ పట్టలేదు.

డబ్బు షావుకారుకి ఇద్దామనేవాళ్ళని చేతులెత్తమన్నారు. తొమ్మిది చేతులు గభాల్న లేచాయి. ఇస్త్రీ పెద్దాయన చెయ్యి నేల చూపులు చూస్తూ లేచింది. మాస్టరమ్మ తన వంతు యాభై రెండు వేలు ఫండ్‌లోనే ఉంచేసుకుని, మిగతా నాలుగు లక్షల ఎనిమిది వేలు వెనక్కి అడిగింది. పై సోమవారం అడిగితే బుధవారానికి వచ్చేసింది, అట్నుంచటే షావుకారుకి చేరింది. పడిన మూడు వందల్లో సగం అప్పటికే పూడింది కూడా. ఆ లెక్క రాసిన కాగితమూ గోడకి అంటించింది. దాంతో ఎవరో టీ గ్లాసు తుడిచారు.

ఈగల నెలలు వచ్చాయి. మొదటి వారం షావుకారు నలభై వేలు లెక్కపెట్టి ఇచ్చాడు, పిన్ని మెడ నిటారుగా పెట్టుకుని పంచింది. రెండో వారం రేపన్నాడు. మూడో వారం కొట్టు మధ్యాహ్నం తెరిచాడు. నాలుగో వారం షట్టరు సగానికే లేచింది. ఐదో వారం పిన్ని వచ్చి కటింగ్ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"నీ దగ్గరుంది కదే. అందరం ఒక ఇంటివాళ్ళలాంటి వాళ్ళం. పాపం, వాడికీ వ్యాపారం దెబ్బతింది."

మాస్టరమ్మ కత్తెర బల్ల మీద విసిరికొట్టింది. "పాపమా? ఇరవై ఎనిమిదికి నన్ను పదిమందిలో దొంగని చేశావు. మూడు లక్షల అరవై ఎనిమిది వేలు మింగి కూర్చున్నవాడు నీకు పాపమా? నీ మరిదనా?"

"అది కాదే..." పిన్ని సంచిలోంచి షావుకారు పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించింది. గొంతులో కపటం లేదు, దిగులుంది. "నెలనెలా వడ్డీ కలిపి రాస్తూనే ఉన్నాడు. ఇందులో పెరుగుతూనే ఉంది."

మాస్టరమ్మకి కోపం నెత్తికెక్కిందంటే చాలదు. ఇలాంటిచోట ఆమె మనసు కరిగి తన యాభై రెండు వేలూ పంచిపెట్టిందని రాస్తే చదివేవాళ్ళకి హాయిగా ఉంటుంది. కరగలేదు. ఎందుకు కరగాలి? ఆమెకీ అవే మూడు నెలలు, అదే అద్దె. "పదండి," అంది. పదిమందినీ వెంటేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, సందు చివరికి నడిచింది.

"డబ్బు లేకపోతే సరుకివ్వండి బాబాయ్."

"అమ్మాయ్, సరుకంటే నా ప్రాణమే!"

"ప్రాణం మాకొద్దు, కొనేవాడు దొరకడు. తెల్ల గుండీలు తియ్యండి."

షావుకారు వదిన వైపు చూశాడు. వదిన అతని వైపు చూడలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, పై అరలోంచి అట్టపెట్టెలు తనే కిందికి అందించింది. ఇస్త్రీ పెద్దాయన లెక్కపెట్టాడు. తోపుడుబండి నిండా గుండీలు, జిప్పులు. నాలుగు వీధులు తిరిగి, ఒక్కో దర్జీకొట్టు దగ్గర గీచిగీచి బేరమాడి అమ్మితే, యాభై ఒక్క వేలు చేతికొచ్చాయి. మూడు వారాల తిండి. మాస్టరమ్మ ఆ సొమ్ము తాకలేదు, పంచే పని పిన్నికే వదిలేసింది.

ఆ పూటే షావుకారు చేత పుస్తకంలో వడ్డీలన్నీ కొట్టేయించి, అసలు ఎంతో రాయించి, సంతకం పెట్టించింది. ఇద్దరు సాక్షులు కూడా పెట్టారు. మనలో మనకి కాగితాలేంటని ఎవరూ అనలేదు.

కొత్త సీజన్లో ఎనిమిదో చొక్కా కట్టుబాటు పోలేదు, కానీ ఆ డబ్బు ఇప్పుడు మాస్టరమ్మ ముట్టుకోదు. ఎవరి పేరు మీద వాళ్ళే ఖాతా తెరుచుకున్నారు. ఐదుగురు ఫండ్‌లో పెట్టారు. ఇద్దరు బ్యాంకులోనే ఉంచారు. మిగతా ముగ్గురూ ఏం చేశారో చెప్పరు. ఫండ్ అంకె ఎప్పుడు ఎందుకు తగ్గుతుందో అందరినీ కూర్చోబెట్టి ఒకసారి చెప్పింది మాస్టరమ్మ. ముద్దుగా కాదు, తిడుతూనే చెప్పింది. పిన్నితో పని మాటలు తప్ప వేరే మాట లేదు. కాజా అంగుళం కిందికి కుట్టు, పైకి కుట్టు, అంతే.

గుండీల షావుకారు ఇంకా మూడు లక్షల పదిహేడు వేలు బాకీ.