అమ్మను తీసుకెళ్లిపోయిన కొత్త రైలు

ఇవాళ సిటీలో రైలెక్కుతుంటే తలుపులు మూసుకునే ముందు వచ్చే బీప్ విని ఒక్క గంతులో లోపలికి దూకాను. ఆక్లాండ్‌లో నాతోపాటు పెరిగినవాళ్లూ, పొగ కక్కే డీజిల్ రైళ్లు పోయి కరెంటు రైళ్లు వచ్చిన కొత్త రోజులు మీకు గుర్తున్నాయా?

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మన సరుకుల కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌లో కరివేపాకు, మినప్పప్పు కొనుక్కుని స్టేషన్‌కి వచ్చాం. అమ్మ తమ్ముణ్ణి పడుకోబెట్టిన ప్రామ్ బండితో ముందు ఎక్కింది. నేను ఎక్కేలోపే బీప్ మోగి తలుపులు మూసుకున్నాయి. అమ్మ అద్దం మీద బాదుతూ ఏదో అరుస్తోంది కానీ ఒక్క ముక్క వినపడలేదు. రైలు వెళ్లిపోయింది.

ఏడుస్తున్న నన్ను అక్కడి మూలవాసి, ఒక మావోరి బామ్మ, బెంచీ మీద కూర్చోబెట్టుకుంది. కాసేపటికి అమ్మ వెళ్లినవైపే పోయే ఇంకో రైలొచ్చింది. నేను అటు పరుగెత్తాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు అటు వెళ్తే మీ అమ్మ ఇటు వస్తుంది. ఆగు తల్లీ," అని ఇంగ్లిష్‌లో చెప్పింది. తలుపులు తెరిచే ఉన్నాయి. ఆమె ఎవరో నాకు తెలియదు. అయినా ఆగిపోయాను. తను ఎక్కాల్సిన రైలు కూడా అదేనట, నాకోసం వదిలేసింది.

చివరికి తిరుగు రైల్లో వచ్చి అవతలి ప్లాట్‌ఫామ్ మీద అమ్మ దిగింది. ప్రామ్ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. తిడుతుందని భయపడ్డాను. నన్ను గట్టిగా హత్తుకుని, "నేను తిరిగొస్తుంటే ఎదురుగా ఇంకో రైలు పోయింది. అందులో నువ్వున్నావేమోనని... ఎక్కలేదు కదమ్మా? నువ్వు ఎక్కలేదు కదా?" అని అడుగుతూనే ఉంది.