ఇడ్లీ పాత్రలో పిస్టన్లు

మావారు స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. రిటైరయ్యాక ఇంట్లో ఏం తోస్తుందో ఈయనకి అని నేను బెంగపడుతుండగానే, షెడ్డులో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి నిలిచిపోయిన మా పాత కారు ఇంజను విప్పడం మొదలుపెట్టారు. స్టీరింగు పక్కనే గేరు ఉండే మీగడ రంగు కారు అది. మా అమ్మాయిని బళ్ళో వేసిన ఏడాది సెకండ్ హ్యాండులో కొన్నాం. ఆదివారాలు అందులోనే సబ్బవరంలో మావారి అన్నయ్యగారింటికి వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు వెనక సీటు నిండా ఆనపకాయలు, వంకాయలు, వాటి మధ్య ఒత్తిగిలి నిద్రపోయే పిల్ల. ఇంజను వేడెక్కిన వాసన, పచ్చి కూరగాయల వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే.

ఇంజను బ్లాకుని వన్ టౌన్‌లో ఒక లేత్ షాపుకి, అరిగిన సిలిండర్లు సాపు చేసే బోరింగుకి పంపించి, నాలుగు కొత్త పిస్టన్లు కొన్నారు. ఆ వారంలోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. చిన్నదేనన్నారు డాక్టర్లు. మాట పోలేదు, నడక తిరిగొచ్చింది. కుడిచేతికి పట్టు మాత్రం రాలేదు. బ్లాకు షాపునుంచి తిరిగొచ్చి, గోనెపట్టా కప్పుకుని షెడ్డులో ఓ మూల కూర్చుంది. ఆయన అటువైపు వెళ్ళడం మానేశారు. ఒకరోజు పాతసామాన్లు కొనే అతను గేటు దగ్గర ఆగి అడిగితే, "పట్టుకుపో బావు, మొత్తం పట్టుకుపో" అనేశారు. నేను గబగబా బయటికొచ్చి అతన్ని పంపేశాను.

ఆ సాయంత్రం టీ ఇస్తూ అడిగాను.

"ఏవండీ, తర్వాత చెయ్యాల్సిన పనేంటండీ?"

"ఏ పని?"

"పిస్టన్ల పని."

"నీకేటి తెలస్తాది?"

"తెలీదు కాబట్టే అడుగుతున్నానండీ."

మా పుట్టిల్లు గోదావరి వైపు, ఆయన సొంతూరు సబ్బవరం వైపు. ఇన్నేళ్ళ కాపురంలో నా అండీలూ తగ్గలేదు, ఆయన ఏటిలూ తగ్గలేదు.

టీ గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. పిస్టన్‌కి అడ్డంగా ఒక కన్నం ఉంటుందట. పిస్టన్‌నీ, దాని కింద ఉండే రాడ్డునీ కలిపి పట్టే పిన్ను అందులో దూరాలి. మామూలుగా దూరదు, అంత బిగువు. సుత్తితో కొడితే పిస్టన్ పాడవుతుంది. అందుకని పిస్టన్‌ని మరిగే నీళ్ళలో కాచి, పిన్నుని బాగా చల్లబెట్టాలి. వేడికి కన్నం సాగుతుంది, చలికి పిన్ను ముడుచుకుంటుంది. ఆ నాలుగు క్షణాల్లో బొటనవేలితో తోసెయ్యాలి.

చెబుతున్నకొద్దీ ఆయన గొంతు మారింది. పెళ్ళయిన కొత్తలో అన్నం తింటూ ఇలాగే చెప్పేవారు, ప్లాంటులో పెద్ద పెద్ద బేరింగులు నూనెలో కాచి షాఫ్టుల మీదికి ఎక్కించడం గురించి. అప్పుడు నా చెవి ఒకటి ఆయన వైపు, ఒకటి పొయ్యిమీద పులుసు వైపు ఉండేది. ఈసారి రెండు చెవులూ ఇచ్చి విన్నాను.

మర్నాడు పిన్నులు నాలుగూ ఫ్రీజరులో చేపల డబ్బా పక్కన పెట్టాను. ఆ పై ఉదయం టిఫిన్లయ్యాక ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి పిస్టన్లు దించాను. ఆయన బల్ల దగ్గర కుర్చీ వేసుకుని, ఎడమచేత్తో రాడ్డు పట్టుకున్నారు. నేను పట్టకారుతో పిస్టన్ తీసి, పాత తువ్వాలులో పట్టుకుని రాడ్డు మీదికి దించి, పిన్ను పెట్టి తోశాను. సర్రున సగం వెళ్ళింది. సరిగ్గా వెళ్తోందో లేదో అని ఒక్క క్షణం ఆగి చూశాను.

"ఏటి సూత్తన్నావ్? తొయ్యి, ఆపకు!"

అప్పటికే పట్టేసింది. రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కినా కదల్లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన మాత్రం కోప్పడలేదు.

"ఏటీ అవలేదు. మల్లీ నీల్లల్లో పడీ."

రాడ్డుతో సహా దింపాను. బాగా మరిగాక తీసి, అప్పడాల కర్ర కొసతో తోస్తే పిన్ను బయటికొచ్చేసింది. దాన్ని మళ్ళీ ఫ్రీజరులో పెట్టి, రెండో పిస్టన్ అందుకున్నాను. ఈసారి చూడలేదు, ఆలోచించలేదు, తోసేశాను. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ప్లాంటులో అయితే నిన్ను పర్మనెంటు సేసీసుందురు" అన్నారు.

మూడోదీ అలాగే వెళ్ళింది. పూర్తయినవి రెండూ పక్కపక్కన పెడుతుంటే ఏదో తేడా కనిపించింది. పిస్టన్ నెత్తిన చిన్న బాణం గుర్తు ఉంది, రాడ్డు మీద నంబరుంది. రెండో దానికి నంబరు బాణానికి కుడివైపున ఉంది. మూడో దానికి ఎడమవైపున.

"ఏవండీ, ఇవి ఇలాగే ఉండాలా?"

ఆయన చూశారు. చాలాసేపు చూశారు. ఆ గుర్తులు కలవకపోతే ఇంజనులో ఎక్కించకూడదని నాకు తర్వాత తెలిసింది. ఆయనకి అది కొత్తగా తెలియాల్సిన సంగతి కాదు.

"రాడ్డు తిప్పి పట్టుకున్నాను" అన్నారు మెల్లగా. "నానే సూసుకోవాల. మరిసిపోనాను."

ఇంజను విషయంలో మరిచిపోయానన్న మాట ఆయన నోట అంతకుముందు నేను వినలేదు. కళ్ళు చెమర్చాయి ఆయనకి. పొయ్యి వెలిగించాను.

"పోయేదేముందండీ, మళ్ళీ నీళ్ళలో వేద్దాం. ఈసారి నంబరు నేను చూస్తాను, తోయమని మీరు చెప్పండి."

మధ్యాహ్నం భోజనానికి రెండయింది. నాలుగు పిస్టన్లూ రాడ్లతో సహా వరసగా బల్ల మీద ఉన్నాయి. నా బొటనవేళ్ళు కమిలిపోయాయి. ఆయన ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ, వాటికేసి చూస్తూ, చాలా రోజుల తర్వాత మారు వడ్డించమన్నారు.

మిగిలిన పని మా వీధి మెకానిక్కు కుర్రాడు చేశాడు. నెలన్నర పట్టింది. కారు స్టార్టయిన ఆదివారం అతన్నే డ్రైవింగు సీట్లో కూర్చోబెట్టి సబ్బవరం బయల్దేరాం. తన కారులో ఎడమ పక్క సీట్లో కూర్చోవడం మావారికి అదే మొదటిసారి. కుర్రాడు కాస్త జోరు పెంచినప్పుడల్లా "కొత్త పిస్టన్లు బావు, అలవాటు పడీదాకా నలభై దాటకు" అనేవారు. ఆటోలు, బస్సులు హారన్లు కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. నేను వెనక సీట్లో కిటికీ అద్దం దించుకుని కూర్చున్నాను. ఎప్పుడో చూసిన చెరువులు కొన్ని లేవు, కొత్త కాలనీలు లేచాయి. నలభై మీద వెళ్తుంటే అన్నీ తీరిగ్గా కనిపించాయి.