గొట్టం తెగిన మీటరు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. బండ్లకి కరెంటు పని చేసి బతికినవాణ్ణి నేను. హారను దానంతటదే మోగుతోందనీ, లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయనీ హడలిపోయి వచ్చిన డ్రైవర్లని ఎంతమందిని చూశానో లెక్క లేదు. విప్పి చూస్తే ఎక్కడో తొడుగు ఊడిన వైరు రేకుకి తగులుతూ ఉండేది. టేపు చుట్టి, నాలుగు చివాట్లు పెట్టి పంపించేవాణ్ణి.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నేను నమ్మి చెబుతున్నది కాదు. చూశాను కాబట్టి చెబుతున్నాను. ఎవరైనా దీనికి సరైన కారణం చెప్పగలిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

ఇది డెబ్భైల నడిమి సంగతి. అప్పుడు నేను బెజవాడ భవానీపురంలో ఉండేవాణ్ణి. ఆటోనగర్లో చిన్న షెడ్డు. మా అక్క కరుణమ్మని కంకిపాడు దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. బావ పేరు జకరయ్య. ఆయనా, ఆయన అన్న దానియేలు గారూ కలిసి ఒక పాత వ్యాను కొన్నారు. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ పాలు క్యాన్లకెత్తుకుని బెజవాడలో పాలకేంద్రానికి చేరవేసేవారు. పేరుకి బండి ఇద్దరిదీ, పెత్తనం మాత్రం అన్నది. నడిపేది బావ.

ఆ వ్యాను వచ్చేదాకా బావ ఊళ్ళో 'దానియేలు తమ్ముడు'. అంతకు మించి ఎవరూ ఆయన్ని పట్టించుకున్నది లేదు. వ్యాను వచ్చాక 'వ్యాను జకరయ్య' అయ్యాడు. చర్చికి వెళ్ళేటప్పుడు కూడా తాళం చెవి చొక్కా జేబులోంచి బయటికి కనిపించేట్టు పెట్టుకునేవాడు. మేం ఆ విషయం మీద ఆయన్ని బాగా ఆటపట్టించేవాళ్ళం.

ఒకసారి రేడియేటర్లో నీళ్ళు అయిపోయిన సంగతి చూసుకోక ఇంజను హెడ్డు పగలగొట్టాడు. దానియేలు గారు వీధిలో అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. అప్పటి నుంచీ బావ రోడ్డు ఎంత చూస్తాడో, ఇంజను వేడి చూపే మీటరునీ అంతే చూసేవాడు. ఆ ముల్లు కొంచెం పైకి కదిలితే చాలు, బండి పక్కకి తీసి, కాలవలోంచి నీళ్ళు తెచ్చి, తడి గోనెసంచి రేడియేటరు మీద కప్పి, అది దిగేదాకా కూర్చునేవాడు.

ఒక ఎండాకాలం వ్యాను డాష్‌బోర్డు వెనక వైర్లు అంటుకుని మీటర్లన్నీ కాలిపోయాయి. ఆ పాత మోడల్‌కి కొత్త మీటర్లు దొరకవు. పాత ఇనుము కొట్లన్నీ తిరిగితే ఒక దగ్గర తుక్కు కింద విప్పేసిన జీపుది దొరికింది. పెట్రోలు, ఆయిలు, ఛార్జింగు, వేడి, ఈ నాలుగూ ఒకే గుండ్రటి డబ్బాలో ఉన్నాయి. అద్దం మీద గీత కూడా లేదు.

జీపుది వ్యానుకి పెట్టడం తేలిక కాదు. వ్యానులో చోటు నలుచదరం, ఈ డబ్బా గుండ్రం. రేకు కోసి, ఆకురాయితో అంచులు రుద్ది ఒక పలక చేశాను. వైర్ల రంగులు కలవవు. ఒక్కొక్క వైరుకీ టెస్టు లైటు పెట్టి చూసుకుంటూ మూడు మీటర్లు కలిపాను. పెట్రోలు ముల్లు లేచి నిలబడితే బావ చప్పట్లు కొట్టాడు.

నాలుగోది వేడి మీటరు. దానికి కరెంటుతో పని లేదు. మీటరు వెనక నుంచి సన్నటి రాగి గొట్టం ఇంజను దాకా వెళుతుంది. గొట్టం నిండా ఒక రకం ద్రవం ఉంటుంది. ఇంజను వేడెక్కితే ఆ ద్రవం ఉబ్బి ముల్లుని తోస్తుంది. గొట్టం తెగితే ద్రవం పోతుంది, ఇక ఆ మీటరు పనికిరాదు, అతికించినా లాభం లేదు. తుక్కు కొట్టువాడు జీపు విప్పేటప్పుడు ఆ గొట్టాన్ని ఉలితో నరికేశాడు. డబ్బా వెనక జానెడు ముక్క వేలాడుతోంది, అంతే.

ఈ ఒక్క మాట చదివేవాళ్ళు మనసులో పెట్టుకోవాలి. ఆ మీటరుకి వైరు లేదు, గొట్టం లేదు, దేనితోనూ ఏ సంబంధమూ లేదు.

దాన్ని పీకేస్తే పలక మధ్య బొక్క పడుతుంది. "ఉండనీరా రత్నం, అందంగా ఉంది" అన్నాడు బావ. సరేనని వదిలేశాను. ఇది చచ్చిన మీటరు బావా, దీని వంక చూడొద్దు అని మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అక్క అందరికీ సేమ్యా పాయసం పెట్టింది.

కొన్ని వారాలు ఏ గొడవా లేదు. తరవాత పాలు ఆలస్యంగా చేరుతున్నాయని కబురు మొదలైంది. పెనమలూరు దాటాక కాలవ పక్కన రోడ్డు కొంచెం వంపు తిరిగే చోట బావ రోజూ బండి ఆపేస్తున్నాడట. ఎండకి పాలు విరిగిపోతున్నాయి. ఎందుకాపావంటే "ముల్లు పైకెళ్ళింది" అంటాడట. జకరయ్య తాగుడు నేర్చాడని ఊళ్ళో అనేశారు. మతి చలించిందని ఇంకొందరన్నారు. దానియేలు గారు వేరే డ్రైవరు కోసం చూస్తున్నారని తెలిసింది.

ఒక మధ్యాహ్నం అక్క బస్సెక్కి నా షెడ్డుకి వచ్చింది. వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఆయన తాగట్లేదురా. రోజూ దగ్గరికెళ్ళి వాసన చూస్తున్నా. అది తెలిసి నిన్న ఆయనే నోరు తెరిచి చూపించాడు, చంటిపిల్లాడిలాగా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వ్యాను తీసేసుకుంటే మనిషి దక్కడురా నాకు. నువ్వొచ్చి చూడు. నువ్వు చెబితే మీ పెద్దబావగారు వింటారు."

నాకు బావ మీద కోపం వచ్చింది. చచ్చిందని చెప్పిన మీటరుని పట్టుకుని ఇల్లు గుల్ల చేసుకుంటున్నాడని. మర్నాడు పొద్దున్నే కంకిపాడు వెళ్ళి, ముందు డబ్బా వెనక చెయ్యి పెట్టి తడిమాను. గొట్టం ముక్క అలాగే వేలాడుతోంది. ముల్లు అడుగున ఉంది. బావ పక్కన కూర్చుని బయల్దేరాను.

బాగా తెల్లవారింది. రోడ్డు మీద ఎడ్లబళ్ళు, సైకిళ్ళు పోతున్నాయి. కాలవలో బట్టలు ఉతుకుతున్నారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. పెనమలూరు దాటాక బావ మాటిమాటికీ మీటరు వంక చూడసాగాడు. వంపు దగ్గరికి వస్తుండగా ముల్లు కదిలింది.

గోతిలో పడితే అదిరినట్టు కాదు. ఇంజను నిజంగా కాగుతున్నప్పుడు ఎలా లేస్తుందో అలా, నెమ్మదిగా, ఆగకుండా లేచి చివరికి వెళ్ళి నిలబడింది. బావ బండి ఆపాడు. నేను దిగి రేడియేటరు మీద చెయ్యేశాను. మామూలు వేడి. తిరిగొచ్చి డబ్బాని పిడికిలితో కొట్టాను. బ్యాటరీ వైరు ఊడదీశాను. మిగతా మూడు ముళ్ళూ పడిపోయాయి, అది మాత్రం పడలేదు. కాసేపటికి, ఇంజను చల్లారితే ఎలా దిగుతుందో అలాగే దిగింది.

భయం వేసింది. దాచుకోవడం దేనికి.

"చూశావా?" అన్నాడు బావ.

"చూశాను."

ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. పాలు ఆలస్యమవుతున్నాయి పద అని నేనే ఆయన్ని లేపాల్సి వచ్చింది.

సాయంత్రం దానియేలు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. పొలం పని, చర్చి లెక్కలు, మాట ఇస్తే మాట. నవ్వలేదు, కొట్టిపారేయలేదు. "రేపు నేనూ వస్తాను. నా కంటికి కనిపిస్తే మీటరు పీకించి అదే బండి మా తమ్ముడికిస్తా. కనిపించకపోతే వాడు కొన్నాళ్ళు ఇంట్లో ఉండాలి" అన్నారు. నాకు అది న్యాయంగానే అనిపించింది.

మర్నాడు ముగ్గురం ముందు సీట్లో కూర్చున్నాం. బావ స్టీరింగు దగ్గర, నేను మధ్యలో, తలుపు పక్కన దానియేలు గారు. దారంతా లోపల్లోపల ప్రార్థన చేసుకున్నాను. అంతవరకు ఏ ముల్లు లేవాలనీ నేను ప్రార్థన చేసి ఎరగను.

అదే చోటికి వచ్చేసరికి లేచింది. నిన్నటిలాగే నెమ్మదిగా చివరికంటా వెళ్ళింది. బావ బండి ఆపాడు. "అదిగో పెద్దబావగారూ" అన్నాను, సంతోషం పట్టలేక కొంచెం అరిచినట్టే.

దానియేలు గారు కళ్ళజోడు పెట్టుకుని, నా మీదుగా వంగి చూశారు. చాలాసేపు చూశారు. మళ్ళీ నా మొహం వంక చూశారు.

"ఎక్కడయ్యా? అడుగునే ఉందిగా" అన్నారు.

ఆయన అబద్ధమాడటం లేదు. ఆ మొహం చూస్తే తెలుస్తుంది. నేను ముల్లు మీద, అద్దానికి ఆనించి వేలు పెట్టాను. "ఇదిగో, ఇక్కడ, పైన" అన్నాను. ఆయన నా వేలు వంక జాలిగా చూశారు. ఊళ్ళోవాళ్ళు బావని ఎలా చూస్తూ ఉండి ఉంటారో నాకు అప్పుడు తెలిసింది.

"కిందే ఉందన్నయ్యా" అన్నాడు బావ. గొంతు చాలా నిదానంగా ఉంది. "రత్నం నా మీద ప్రేమకొద్దీ అంటున్నాడు. ఇన్నాళ్ళూ నాదే ఏదో భ్రమ."

నేను కాదు కాదని ఎంత చెప్పినా దానియేలు గారు నా భుజం తట్టారు. అక్క మొగుడి కోసం ఈ మాత్రం అనేవాడు ఉండటం మంచిదే అన్నారు. బావ తాళం తీసి అన్న చేతికిచ్చి దిగాడు. బండి ఆ రోజు దానియేలు గారు తెలిసినవాణ్ణి పిలిపించి బెజవాడ పంపారు. బావ, నేను కంకిపాడు దాకా నడిచాం. దారిలో ఆ ముల్లు ఊసు ఇద్దరం ఎత్తలేదు.

నాకు అర్థమైంది ఇది: ముల్లు పైన ఉండటం బావకీ కనిపించింది. కానీ మీటర్లు చూసి బతికే నాకు పిచ్చివాడనే పేరు రాకూడదని, తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు. ఆ ఆలోచనతో నాకు చాలా రోజులు తిండి సయించలేదు.

కొత్త డ్రైవరుని అడిగితే ఆ ముల్లు ఏనాడూ కదల్లేదన్నాడు. కొన్నాళ్ళకి వ్యాను వేరే పనికి నా షెడ్డుకి వచ్చింది. ఆ డబ్బా ఊడదీసి అద్దం తీశాను. వేడి మీటరు ముల్లు తుప్పుతో ఇరుసుకి అతుక్కుపోయి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో తోస్తే కదల్లేదు. గట్టిగా నొక్కితే విరిగింది.

ఆ జీపు ఎవరిదో కనుక్కుందామని తిరిగాను. తుక్కు కొట్టువాడికి గుర్తు లేదు. ఆ వంపు దగ్గర టీ కొట్టాయనని అడిగాను. అక్కడ ఎవరూ పోలేదు, ఏ బండీ కాలవలో పడలేదు. ఏదో ఒక ఘోరం జరిగిందని వింటే నయంగా ఉండేది. ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బావ మళ్ళీ స్టీరింగు పట్టలేదు. కొండపల్లి దగ్గర ఒక గోడౌనుకి వాచ్‌మన్‌గా చేరాడు. సైకిలు మీద వెళ్ళినా రోడ్డు దిగి, మార్జిన్లో తొక్కేవాడు. కొన్నేళ్ళ తరవాత ఒక క్రిస్మస్ మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనాలయ్యాక, ఇద్దరమే అరుగు మీద ఉన్నప్పుడు, ఇక ఉండబట్టలేక అన్నాను.

"ఆ రోజు నా పరువు కోసం అబద్ధమాడావు. నీ రుణం తీర్చుకోలేను బావా."

ఆయన నా వంక వింతగా చూశాడు.

"అబద్ధమేంట్రా? ఆ రోజు నిజంగానే కింద ఉంది. కదల్లేదు. అన్నయ్య చూస్తానన్న చోటని బండి ఆపానంతే. నువ్వేమో పైనుందని అరుస్తున్నావు. అప్పుడు తెలిసింది నాకు, ముందురోజు కూడా నా మనసు కష్టపెట్టలేకే చూశానన్నావని. ఇక లేనిపోనివి కనిపించే మనిషి బండి నడపకూడదనుకున్నా."

ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. నేను చూశాను బావా, ముందురోజూ చూశాను, ఆ రోజూ చూశాను, నీది భ్రమ కాదు అని చెప్పాను. పిల్లల మీద ఒట్టేశాను.

బావ నవ్వి, ఆనాడు వాళ్ళన్న తట్టినట్టే నా భుజం తట్టాడు.

"నువ్వు మంచోడివిరా" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గొట్టం లేని మీటరులో, తుప్పు పట్టిన ముల్లు ఎలా లేచిందో, ముగ్గురి కళ్ళకీ మూడు రకాలుగా ఎందుకు కనిపించిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. నేను చూశానని బావ మాత్రం చివరిదాకా నమ్మలేదు.