రెండు గ్రాముల తేడా

2023 మార్చి. సిడ్నీలో గిరావీన్ దగ్గర షెడ్ల వరుసలో ఇంజన్ భాగాలు బాగుచేసే చిన్న వర్క్‌షాప్ మాది. రిటైర్ కావడానికి ముందు అదే నా ఆఖరి సంవత్సరం. ఆనాటి డైరీలో "ఎండ, గాలి లేదు" అని రాసి ఉంది. అలాంటి మధ్యాహ్నాల్లో షెడ్డంతా నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. రోడ్డు మీది లారీల చప్పుడు కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చేది.

కెల్లీవిల్ నుంచి శ్రీకాంత్, అతని భార్య సునీత వచ్చారు. ఇద్దరిదీ కరీంనగర్. ఎనిమిది సిలిండర్ల పాత వి-ఎయిట్ కారు ఒకటి కొని, నాలుగేళ్లుగా శ్రీకాంత్ దానికే సేవ చేస్తున్నాడు. ఏడాది కిందట తేలికైన ఆఫ్టర్‌మార్కెట్ పిస్టన్లు, అంటే అసలు కంపెనీవి కాకుండా బయట తయారైనవి, తెప్పించి బ్యాలెన్సింగ్ లేకుండానే బిగించాడు. ఇంజన్ వణికి వణికి బేరింగులు, పిస్టన్లు పాడయ్యాయి. ఇప్పుడు అలాంటిదే మరో కొత్త సెట్, దాంతో పాటు ఇంజన్ నుంచి విప్పిన క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, తెచ్చాడు.

"ఇదే లాస్ట్ ఛాన్స్ అంకుల్. మళ్ల షేక్ అయితే కారు అమ్ముడే అంటున్నది. యాడ్‌కి ఫోటోలు కూడా తీసి పెట్టింది" అన్నాడు.

సునీత కాదనలేదు. వీకెండ్లన్నీ దానికే పోతున్నాయని, తనతో కంటే కారుతోనే ఎక్కువ మాట్లాడతాడని చెప్పింది.

పిస్టన్ తేలికైతే మంచిదే కదా అనుకుంటారు చాలామంది. కానీ క్రాంక్‌షాఫ్ట్ మీద ఉండే కౌంటర్‌వెయిట్లు, అంటే ఎదురుబరువులు, పాత పిస్టన్ల బరువుకు తగ్గట్టు ఉంటాయి. పిస్టన్లు తేలికపడితే అవి ఎక్కువైపోతాయి. డ్రిల్ చేసి కొంత లోహం తీసేయాలి. దానికి ముందు ఎనిమిది పిస్టన్లనూ తూచి, బరువైనవాటిని లోపల చెక్కి, అన్నిటికంటే తేలికైనదానితో సమానం చేయాలి.

శ్రీకాంత్ ఆఫీసు కాల్ కోసం బయటికి వెళ్లాడు. ఏడు పిస్టన్లు ఒకే బరువు తూగాయి. ఎనిమిదోది రెండు గ్రాములు ఎక్కువ. దాన్ని మిల్లింగ్ మిషన్‌లో బిగించాను.

"కొంచెం చెక్కితే సరిపోతుందమ్మా" అన్నాను.

"ఆగండి అంకుల్." సునీత బెంచీ మీది నుంచి లేచింది. "అది ఎందుకు బరువున్నదో నాకు తెలుసు. మొన్న పూజల పెట్టిన. పైన పూస్తే ఆయన చూస్తడని లోపల గంధం పూసిన."

పిస్టన్ విప్పి వెలుతురుకు తిప్పాను. లోపలి గుంటలో ఎండిపోయిన గంధం, దానికి అతుక్కుని నాలుగు అక్షింతలు. కడగకుండా ఏదీ తూచకూడదన్నది నా నియమం. కొత్త పెట్టెలోవే కదా అని ఆ రోజు కడగలేదు. చెక్కి ఉంటే, ఇంజన్ ఆయిల్‌కి గంధం ఊడిపోయాక ఆ పిస్టన్ రెండు గ్రాములు తక్కువయ్యేది. తీసిన లోహాన్ని తిరిగి పెట్టలేం.

"అమ్మేద్దామన్నది నువ్వే కదమ్మా?"

"అమ్ముదామనే అన్న. షేక్ కావాలె అనలే. ఆయనకు చెప్పకండి" అంది.

కడిగి తూచాను. ఎనిమిదీ సమానం.

తర్వాత క్రాంక్‌షాఫ్ట్‌కు బాబ్‌వెయిట్లు, అంటే పిస్టన్లకు బదులు లెక్కకట్టి తగిలించే బరువులు, బిగించి బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పాను. నాలుగుచోట్ల డ్రిల్ చేశాక వణుకు పోయింది. తిరుగుతున్న ఇనుము కరిగి పొగమంచులా కనిపించింది. దాని మీద పడిన ఎండ మాత్రం కదలకుండా నిలిచింది. సునీత దగ్గరికొచ్చి, "తిరుగుతున్నదా?" అని గొంతు తగ్గించి అడిగింది. తలూపాను. చాలాసేపు ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

రెండు వారాల తర్వాత శ్రీకాంత్ ఫోన్ చేశాడు. ఇంజన్ నడుస్తున్నట్టే తెలియడం లేదన్నాడు. సునీతే బ్లూ మౌంటెన్స్ దాకా పోదామందట. ఏం చేశారని అడిగితే శుభ్రంగా కడిగానన్నాను. సునీత సరేనన్నాకే ఇప్పుడిది రాస్తున్నాను.

తూచే ముందు కడగాలన్నది నాకు ముందే తెలుసు. చెక్కే ముందు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగాలని మాత్రం ఆ రోజే తెలిసింది.