తెల్లబూట్ల తనిఖీ

నా మెడలో వేలాడే విజిల్ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. మేడ్చల్‌లో నాతో కూర్చుని చాయ్ తాగేవాళ్ళు ఈ మాట వినగానే పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి.

నేను పీఈటీ సారుని. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తాను. ఒక బంతి, యాభైమంది పిల్లలు, నలభై నిమిషాలు. గంట కొట్టగానే సగంమందికి కడుపునొప్పి వస్తుంది, మిగతా సగం బూట్లు మరిచిపోయి వస్తారు. బెత్తం పట్టుకోవద్దన్నారు. నేను కథ పట్టుకున్నాను.

జిల్లా కబడ్డీ ఫైనల్లో నా అరికాల్లో మేకు దిగింది. బూటు నిండా రక్తం. అయినా చివరిదాకా ఆడి కప్పు తెచ్చాను. ఇదీ కథ. మొదట్లో ఆ మేకు అంగుళం ఉండేది. ఏడాదికింత పెరిగి ఇప్పుడు జానెడైంది.

కొత్త కాలనీల పిల్లలు డైరీలో అమ్మ చేత చీటీ రాయించుకొచ్చేవాళ్ళు. "మా బాబుకి జలుబు చేసిందండీ మాస్టారూ, దయచేసి ఎండలో ఉంచకండి." దాన్ని లైను ముందు నిలబడి, గొంతు మార్చి చదివేవాణ్ణి.

"జలుబట! మేకైతే దిగలే గదా బిడ్డా?"

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. రెండు నెలల్లో చీటీలు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ మేడమ్ మెచ్చుకుంది కూడా.

ఎనిమిదో తరగతిలో రావల్కోల్ నుంచి ఆటోలో వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాయిన మక్కలు, కూరగాయలు పండిస్తాడు. ఖోఖోలో ఆ పిల్ల ఎవరి చేతికీ దొరకదు. శనివారం మండల జట్టుకు ఎంపిక ఉంది. ఎంపికకు రావాలంటే ఆ వారమంతా తెల్లబూట్లతో రావాలి, ఒక్క పీరియడ్ కూడా కూర్చోకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

గురువారం తనిఖీ చేశాను. గోళ్ళు, జడలు, బూట్లు. ఆ పిల్ల పాత బూట్లు సుద్దముక్కతో రుద్ది రుద్ది తెల్లగా మెరుస్తున్నాయి.

"సూడుండ్రి, తయారై వచ్చుడంటే గిది!" అని అందరికీ చూపించాను.

నాలుగు రౌండ్ల పరుగు మొదలైంది. ఆ పిల్ల కుంటుతోంది.

"ఏంది బిడ్డా, కుంటుతున్నవ్?"

"ఏం లేద్సార్. బూటు కరుస్తాంది."

"అయితే ఇగ కూసో."

"వద్దు సార్! శనివారం ఆడాలె. మీరు మేకు దిగినా ఆడిన్రు గద!"

రెండో రౌండులోనే ఆపేసి, కూర్చోబెట్టి బూటు విప్పించాను. ముందు వాసన వచ్చింది. ఆ తర్వాత పసుపు ముద్ద, గుడ్డపీలిక, నల్లబడిన వేళ్ళు. మక్క కోసిన చేలో కొయ్యకాలు దిగి ఐదు రోజులైందట.

"ఇంట్ల చెప్పలేదానే?"

"నాయిన చీటీ రాయిస్త అన్నడు సార్. నేనే వద్దన్న. మీరు అందరి ముంగట సదువుతరు గద."

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మంచం పక్కన వాళ్ళ నాయిన నా చేతులు పట్టుకున్నాడు. "మీరు జల్దీ జూసిన్రు గాబట్టి పాదం దక్కింది సార్. లేకుంటే నా బిడ్డ ఏమైపోతుండెనో." ఆయన అరచేతుల్లో పగుళ్ళు గరుగ్గా తగిలాయి. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు పీటీ పీరియడ్లో ఆ పిల్ల తరగతి గదిలోనే ఉంటుంది.

ఇంతదూరం వచ్చారు కనుక చెప్పేస్తాను. మేకు అబద్ధమని మీకెప్పుడో తెలిసే ఉంటుంది, అది వదిలేయండి. నేను కల్పించింది రెండో రౌండు. నేను ఆపలేదు. కూర్చోమని అనలేదు. "నాటకాలు జేస్తున్నవా?" అని విజిల్ ఊదాను. ఆ పిల్ల నాలుగు రౌండ్లూ పూర్తిచేసి, గీత దాటాక పడింది. బూటు విప్పింది నేను కాదు, వెనకాల పరిగెత్తిన ఇంకో పిల్ల.

ఆసుపత్రిలో వాళ్ళ నాయినకు చెప్పింది కూడా ఆ రెండో రౌండు కథే. ఆయన మంచం మీదికి వంగి అడిగాడు: "సార్ ఆపిండా బిడ్డా?"

ఆ పిల్ల కాసేపు నా వైపే చూసింది.

"ఆపిండు నాయినా," అంది.