గుండీకి కుట్టిన కోటు

వీధిలో ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. బట్టలు కుడుతుందని కొంత, నోరు మెత్తనిది కాదని మరికొంత. చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వలేదని ఎవరైనా నిలదీస్తే, "కుట్టేది మిషను, దాన్నే అడగండి" అని చేత్తో చూపించి మళ్ళీ పనిలో పడేది. అంతటి మనిషీ ఒక్క ప్రాణి ముందు మాత్రం కరిగి నీరైపోయేది. అది గుండీ అనే కుక్క. ఒకనాడు వానకు తడిసి దుకాణంలో దూరి, నేల మీద పడ్డ చొక్కా గుండీ మింగబోయి మొట్టికాయ తిన్నది, ఆ పేరే దానికి నిలిచిపోయింది. ఆవిడ మిషను తొక్కుతుంటే పక్కనే పడుకునేది, లేస్తే లేచేది.

కొన్నేళ్ళకు కత్తెరమ్మ చెల్లెలికి వేరే ఊళ్ళో ఉద్యోగమైంది. చదువు మధ్యలో బడి మార్చడమెందుకని కూతుర్ని అక్క దగ్గర వదిలింది. పిల్ల పెద్దమ్మకు ముద్దే, కాదనడానికి లేదు. కానీ వచ్చిన కొద్ది రోజులకే కుక్క కాస్తా పిల్ల పార్టీలో చేరిపోయింది.

చేరదూ మరి! బడికి వచ్చిన పశువుల డాక్టరు చెప్పిన మాటలన్నీ ఆ పిల్ల మనసుకు పట్టించుకుంది. నీళ్ళ గిన్నె రోజూ తోమేది. దువ్వెనతో వెంట్రుకలు దువ్వి గోమార్లు ఏరేది. ఎండకు నేల కాలుతోందేమోనని ముందు తన అరిచెయ్యి ఆనించి చూసి, ఆ తర్వాతే వాహ్యాళికి తీసుకెళ్ళేది. గుండీ తింటుంటే దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. వీధి పిల్లలను పోగేసి పిట్టలకూ పిల్లులకూ గోడల మీద నీళ్ళు కూడా పెట్టించింది.

"ఎంత బంగారు తల్లో!" అని పొరుగావిడ మెచ్చుకుంటే కత్తెరమ్మకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళూ నేను దాని కడుపు మాడ్చానా ఏంటి?" అంది.

బడి వదిలే వేళకు గుండీ వెళ్ళి గడపలో కూర్చునేది. "ఒరేయ్, ఇలా రా" అని పిలిస్తే ఒక చెవి మాత్రం ఇటు తిప్పేది. తలను కూడా కాదు, చెవినండీ! నా ఉప్పు తిని ఆ పిల్లకు కాపలా కాస్తావా అని ఆవిడ లోలోపలే కుతకుతలాడిపోయేది. పిల్ల వీధి మలుపు తిరగగానే అది ఎగిరే ఎగురుడు చూడలేక మిషను గట్టిగా తొక్కేది.

చలికాలం వచ్చింది. ఎవరిదో కుట్టగా మిగిలిన మఖమల్ ముక్క ఒకటి ఆవిడ దగ్గరుంది. దువ్వెన ఎవరైనా పట్టగలరు, కోటు ఎవరు కుట్టగలరు? పిల్లకు తెలియకుండా కుట్టాలని, గుండీ ముడుచుకుని నిద్రపోతున్నప్పుడు టేపు పెట్టి కొలతలు తీసింది. కొలత ఇచ్చేటప్పుడు కాస్త వంగిన మనిషిని "నిటారుగా నిలబడండి" అని గదమాయించే కత్తెరమ్మ, అసూయలో పడి ఆ మాటే మరిచింది.

ఎర్ర కోటు తొడిగి నడిపిస్తే వీధంతా ముక్కున వేలేసుకుంది. పిల్ల మాత్రం వంగి చూసింది.

"బాగుంది పెద్దమ్మా. కానీ నడుస్తుంటే ముందు కాళ్ళ దగ్గర పట్టేస్తోంది. విప్పేద్దామా?"

"ఏం, నేను కుట్టింది వేసుకుంటే నీకేంటే నొప్పి? కళ్ళల్లో నిప్పులు పోసుకోకు!"

పిల్ల ముఖం చిన్నబోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కత్తెరమ్మకు గెలిచినట్టే ఉంది, కుక్క కుంటుతున్నా చలికేమో అనుకుంది.

ఒక సాయంత్రం కోటు సర్దబోతే గుండీ ఆవిడ మీద గుర్రుమంది. ఎన్నడూ లేనిది! ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడే బడి నుంచి వచ్చిన పిల్ల సంచీ పడేసి, కుక్కను లాగకుండా, దూరంగా కూర్చుని మెల్లగా కబుర్లు చెప్పి, అదే దగ్గరికి వచ్చాక హుక్కులు విప్పింది. ముందు కాళ్ళ సందున కుట్టు ఒరుసుకుని చర్మం లేచిపోయింది, నెత్తురు చెమ్మ.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు కోటును అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవరు తొడిగారు?" అని కాస్త కటువుగానే అడిగాడు.

"మా ఇంట్లోవాళ్ళమే" అంది పిల్ల.

ఇంటికొచ్చాక మందు పూసే పని పడింది. "నువ్వే పూయి. నేను ముట్టుకుంటే కరుస్తుంది. ఇప్పుడది నీ కుక్క" అంది ఆవిడ, మందు పిల్ల చేతికిస్తూ.

పిల్ల ఉన్నట్టుండి భోరుమంది. "నాదేం కాదు! రోజూ నా గదిలోనే పడుకోబెడతాను. నువ్వు నిద్రపోయాక లేచి నీ మంచం కిందకి పోతుంది. తెల్లారగానే బిస్కెట్ చూపించి మళ్ళీ తెచ్చుకుంటాను, నువ్వు లేచేలోపు. నేను ఎంత చేసినా దానికి నువ్వే కావాలి. నాకు నీ మీద ఎంత కోపమో తెలుసా!"

కత్తెరమ్మకు లోపల ఎగిరి గంతేయాలనిపించింది. చీమిడి ముక్కుతో ఏడుస్తున్న పసిదాని ముందు అంత సంతోషం పొంగినందుకు సిగ్గూ వేసింది. పిల్ల ముఖం తుడిచి, గుండీ తల ఒళ్ళో పెట్టుకుంది. అది గుర్రుమనలేదు, పిల్ల మందు పూసింది.

"పెద్దమ్మా, ఈ ఒక్క రాత్రికి నీ గది తలుపు వేసుకుంటావా?"

వేసుకోనని చెప్పాలనే ఉంది. "సరేలే, వేసుకుంటాను" అంది.

దీపం ఆర్పిన కాసేపటికి తలుపు మీద గోళ్ళ చప్పుడు మొదలైంది. ఆవిడ దుప్పట్లో ఊపిరి బిగబట్టుకుని వింది. ఎంత తీపి చప్పుడో! ఇంతలో అవతలి గదిలోంచి పిల్ల పిలుపు వినిపించింది, "గుండీ, ఇటు రారా." గీకుడు ఆగింది. అడుగులు అటు వెళ్ళాయి, మంచం కిర్రుమంది, పిల్ల నవ్వింది.

కత్తెరమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. అటు తిరిగి పడుకుంది కానీ తలుపు తియ్యలేదు.